సముద్రాలు దాటిన అక్షరాలు – 7: పారిస్ పాఠకుడి చేతిలో మన పుస్తకం

పంచతంత్రం పహ్లవీ, అరబ్బీ, పారశీక భాషల మీదుగా పడమటికి వెళ్లిన దారి గత భాగంలో చూశాం. ఆ దారి పారిస్ చేరిన చోట ఈ భాగం మొదలవుతుంది. 1678లో లా ఫొంతేన్ తన నీతికథల రెండో సంపుటం అచ్చు వేయించాడు. అందులోని కథల్లో ఎక్కువ వాటికి పిల్పే అనే భారతీయ జ్ఞానికి ఋణపడ్డానని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. ఆయనకు అందింది మన సంస్కృత గ్రంథం కాదు. పారశీకం నుంచి ఫ్రెంచిలోకి మారి 1644లో పారిస్‌లో అచ్చయిన పుస్తకం. రెండు హంసలు కర్రను చెరో కొసనా పట్టుకుంటే మధ్యలో కరిచిపట్టుకుని ఎగిరి, నోరు విప్పి ప్రాణం పోగొట్టుకున్న తాబేలు మనకు చిన్నప్పటి నేస్తమే. లా ఫొంతేన్ కథలో హంసలు బాతులయ్యాయి, మిగతా కథ మారలేదు. ఆయన కథలు వల్లెవేయకుండా ఫ్రాన్సులో ఏ పిల్లవాడి బడి చదువూ సాగదు. అంటే భారతీయ సాహిత్యం ఆ దేశపు ఇళ్లలోకి వెళ్లి మూడున్నర శతాబ్దాలు కావస్తోంది. అయితే ఆ చదివేవాళ్లలో చాలామందికి ఇది ఫలానా దేశం నుంచి వచ్చిందన్న ఎరుక లేదు.

తెలిసి చదవడం వేరే కథ. దాని మొదటి అధ్యాయంలో తెలుగు ఉంది. ఈ సంగతి మనవాళ్లు తగినంతగా చెప్పుకోలేదని నా బాధ.

1720ల చివర్లో ఫ్రెంచి రాజు గ్రంథాలయానికి అధిపతిగా ఉన్న బిన్యోఁ, తూర్పు దేశాల గ్రంథాలు సేకరించి పంపమని భారతదేశంలోని ఫ్రెంచివారికి కబురు పెట్టాడు. చందర్‌నగర్ నుంచి పోన్స్ అనే జెస్విట్ ఫాదరీ బెంగాలీ లిపిలో ఉన్న సంస్కృత గ్రంథాలు పంపాడు. దక్షిణాన ఆ పని జాఁ కల్మెత్ మీద పడింది. ఈయన కర్ణాటక మిషన్‌కు చెందినవాడు. పేరు కర్ణాటకమే అయినా ఆ మిషన్ పని చేసింది చాలావరకు తెలుగు మాట్లాడే సీమల్లో. కల్మెత్ తెలుగు నేర్చాడు, సంస్కృతం నేర్చాడు. వేదాన్ని పరాయివాడికి ఇవ్వకూడదన్న కట్టుబాటు గట్టిగా ఉన్న కాలంలో దాన్ని సంపాదించి ఓడ ఎక్కించాడు. 1730లలో పారిస్ చేరిన ఆ ఋగ్వేద ప్రతి తెలుగు లిపిలో ఉంది. ఆశ్చర్యపోవలసిన పనిలేదు. అప్పటికి దేవనాగరి దేశమంతటి సంస్కృతానికీ ఉమ్మడి లిపి కాలేదు, మన పండితులు సంస్కృతాన్ని మన లిపిలోనే రాసుకునేవారు. రాజు గ్రంథాలయం తరవాత ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం అయింది. ఆ ప్రతులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అక్కడి తెలుగు రాతప్రతులకు గెరార్ కొలా, ఉషా కొలా-చౌహాన్ అనే పండితులు 1995లో వివరమైన పట్టిక ప్రకటించారు.

కల్మెత్ ఉద్దేశం మాత్రం సాహిత్య ప్రేమ కాదు. వేదంలో ఏముందో తెలిస్తే బ్రాహ్మణులతో మతవాదంలో నెగ్గవచ్చని ఆయన ఆలోచన. ఆయన ఉత్తరాల్లోనే ఆ మాట దాపరికం లేకుండా ఉంది. ఆ ఉద్దేశాన్ని మనం ఒప్పుకోనక్కరలేదు. అయినా ఆ పనివల్ల ఒక మహాగ్రంథం చేరవలసిన చోటికి చేరింది. చేరి ఏం లాభం? దాన్ని విప్పి చదవగల మనిషి పారిస్‌లో లేడు. దశాబ్దాల పాటు అది అరలో అలాగే ఉండిపోయింది.

సరిగ్గా ఆ కాలంలోనే ఇంకో 'వేదం' పారిస్‌ను ఊపేసింది. 1760లో మోదావ్ అనే సైనికాధికారి భారతదేశం నుంచి తిరిగివస్తూ 'ఎజూర్ వేదం' అనే ఫ్రెంచి రాతప్రతిని తెచ్చి వోల్తేర్ చేతిలో పెట్టాడు. వోల్తేర్ పొంగిపోయాడు. బైబిలు కన్నా పాతదైన జ్ఞానం తూర్పున ఉందని వాదించడానికి ఆయనకు అలాంటి పుస్తకమే కావాలి. తన రచనల్లో దాన్ని ఉదాహరించాడు, 1761లో ప్రతిని రాజు గ్రంథాలయానికి బహూకరించాడు. 1778లో అది అచ్చయింది. నాలుగేళ్లు తిరక్కుండానే పియేర్ సొన్నెరా అనే యాత్రికుడు తన యాత్రాగ్రంథంలో అసలు విషయం బయటపెట్టాడు. ఇది నాలుగు వేదాల్లో ఏదీ కాదు, మచిలీపట్నంలో ఒక మతప్రచారకుడు రాసిన వాదగ్రంథం అన్నాడు. మచిలీపట్నమే అన్న నిర్ధారణ నిలబడలేదు కానీ, జెస్విట్‌ల కల్పన అన్నమాట నిలబడింది. పుదుచ్చేరిలో ఆ కుదురుకే చెందిన మరికొన్ని రాతప్రతులను చూసి, సంగతి వివరంగా తేల్చినవాడు మద్రాసులో ఉద్యోగం చేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. ఆయన వ్యాసం 1822లో, ఆయన పోయాక అచ్చయింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లోనే రుజువులు చూపిన ఎల్లిస్ ఈయనే.

తెలుగు లిపిలోని అసలు వేదం, ఫ్రెంచిలో అల్లిన నకిలీ వేదం రెండూ ఒకే గ్రంథాలయంలో చేరాయి. చదవగలిగింది కనక రెండోదే పేరు తెచ్చుకుంది. ఫ్రాన్సులో మన సాహిత్యపు చరిత్రంతా నాకు ఈ ఘట్టంలోనే ఇమిడి ఉన్నట్టు కనిపిస్తుంది. పుస్తకం ఓడెక్కి వెళ్లడం సగం పనే. దాన్ని మూలభాషలో చదివి తన వాళ్లకు చెప్పగల మనిషి అక్కడ పుట్టుకు రావాలి. అలాంటి మనుషులు వచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కాం. రానప్పుడు ఫ్రెంచివారు మనల్ని కాక తమ ఊహల్నే చదువుకున్నారు.

ఆ మనుషులకు దారి వేసినవాడు ఆంక్తిల్ ద్యుపెరాఁ. ఇరవై మూడేళ్ల వయసులో సిపాయిగా పేరు రాయించుకుని భారతదేశం వచ్చాడు. దారా షికో 1657లో పారశీకంలోకి చేయించిన ఉపనిషత్తుల్ని ముసలితనంలో లాటిన్‌లోకి మార్చి 1801, 1802లలో రెండు సంపుటాలుగా తెచ్చాడు. మొత్తం యాభై ఉపనిషత్తులు. పండితుడికి తప్ప పనికిరాని భాష, పైగా మూలానికి రెండు మెట్ల దూరం. అయినా తత్వవేత్త షోపెన్‌హావర్ జీవితాన్ని మలుపు తిప్పింది ఆ పుస్తకమే.

తరవాత కథ మలుపు తిరిగింది యుద్ధం వల్ల. 1803లో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మళ్లీ పోరు మొదలయ్యేసరికి అలెగ్జాండర్ హామిల్టన్ అనే బ్రిటిష్ ఉద్యోగి పారిస్‌లో చిక్కుకుపోయాడు. కలకత్తాలో సంస్కృతం నేర్చుకున్నవాడు. ఊరికే కూర్చోకుండా గ్రంథాలయంలోని భారతీయ ప్రతులకు పట్టిక తయారుచేశాడు. అది 1807లో వెలువడింది. ఆ పట్టికతో అరల్లో ఏముందో మొదటిసారి తెలిసింది. ఆ అరల మధ్యే గురువు లేకుండా సంస్కృతం నేర్చుకున్న షెజీ కోసం 1814లో కొల్లెజ్ ద ఫ్రాన్స్‌లో సంస్కృత ఆచార్య పీఠం ఏర్పడింది. ఐరోపాలో అలాంటి పీఠం అదే మొదటిది. భారతదేశాన్ని ఏలుతున్న ఇంగ్లండు విశ్వవిద్యాలయాల్లో అప్పటికి అలాంటిది లేదు. కొల్లెజ్ ద ఫ్రాన్స్‌కు ఒక విశేషం ఉంది. అక్కడ పరీక్షలు లేవు, పట్టాలు లేవు, ఎవరైనా వెళ్లి ఉపన్యాసం వినవచ్చు. చదువరులు పుట్టడానికి అది మంచి నేల.

షెజీ 1830లో మూలంతో సహా శాకుంతలం ప్రకటించాడు. అంతకు ముందే విలియం జోన్స్ ఇంగ్లీషు అనువాదం మీదుగా శకుంతల 1803లో ఫ్రెంచిలోకి వచ్చి ఉంది. ఆ శతాబ్దమంతా ఆవిడ పారిస్‌ను వదల్లేదు. 1858లో తెయొఫిల్ గోతియే కథ అల్లగా ఎర్నెస్ట్ రేయే సంగీతంతో పారిస్ ఒపేరాలో శకుంతల నృత్యనాటకం ఆడారు. శిల్పి కామీయ్ క్లొదెల్ 1888లో చూపిన శకుంతల ఇంకో లోకం. మోకాళ్ల మీద వాలి క్షమాపణ కోరుతున్న దుష్యంతుడి మీదికి అలసటతో ఒరిగిపోతున్న స్త్రీ ఆమె. కాళిదాసు పాత్రను ఒక ఫ్రెంచి స్త్రీ తన దుఃఖంతో కలుపుకుని చూసింది. అనువాదం నిజంగా ఒక సమాజంలో దిగబడిందని చెప్పడానికి నాకు అంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

షెజీ తరవాత 1832లో పీఠం ఎక్కిన యూజెన్ బ్యుర్నూఫ్ ఈ చరిత్రలో ఎత్తైన శిఖరం. భాగవతంలో ఎక్కువ భాగాన్ని మూలంతో సహా 1840 నుంచి మూడు పెద్ద సంపుటాల్లో ఫ్రెంచిలోకి తెచ్చాడు. నేపాల్ నుంచి బ్రయన్ హాడ్జ్‌సన్ పంపిన సంస్కృత బౌద్ధగ్రంథాలు చదివి 1844లో భారతీయ బౌద్ధం చరిత్రకు ప్రవేశిక రాశాడు. బౌద్ధం పుట్టింది భారతదేశంలో అన్న సంగతి ఐరోపా పండితలోకంలో గట్టిపడింది ఆ పుస్తకంతోనే. సద్ధర్మ పుండరీకం అనువాదం ఆయన పోయిన 1852లో వెలువడింది. 1845లో ఆయన పాఠాలు వినడానికి జర్మనీ నుంచి వచ్చిన ఒక యువకుడికి ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో సహా పరిష్కరించమని పురమాయించినవాడూ ఆయనే. ఆ యువకుడు మాక్స్ ముల్లర్. మనవాళ్లకు మాక్స్ ముల్లర్ తెలుసు, గురువు తెలియడు.

పండితుల పుస్తకాలు మామూలు పాఠకుడి దాకా ఎలా వచ్చాయి? దానికి ఇపొలిత్ ఫోష్ లాంటి మొండిమనుషులు కావలసి వచ్చింది. ఫోష్ 1854 నుంచి 1858 వరకు తొమ్మిది సంపుటాల్లో రామాయణం మొత్తం అనువదించాడు. తరవాత మహాభారతానికి దిగాడు. పది సంపుటాలు వచ్చాయి. 1869లో ఆయన కన్నుమూయడంతో అక్కడ ఆగిపోయింది. ఆ అనువాదంలో తప్పులు ఎంచిన పండితులు చాలామంది ఉన్నారు. వాళ్ల మాట కాదనలేం. కానీ ఫ్రెంచి విప్లవ చరిత్ర రాసిన మిష్లే 1863లో రామాయణం చదివింది ఫోష్ పుణ్యం వల్లే. ఆ చదువు ఆయన్ని ఎంత కదిపిందంటే, మరుసటి ఏడు ప్రకటించిన 'మానవజాతి బైబిల్' అనే గ్రంథాన్ని భారతదేశంతోనే, రామాయణం గురించిన పారవశ్యంతోనే మొదలుపెట్టాడు. పశుపక్ష్యాదుల పట్ల, చెట్టూచేమల పట్ల ఆ కావ్యంలో ఉన్న దయ ఆయనకు ఐరోపా మరచిన సంగతిగా కనిపించింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బ్యుర్నూఫ్ గానీ, మిష్లే గానీ భారతదేశంలో కాలు పెట్టలేదు. 1828 నుంచి పారిస్‌లో హిందుస్తానీ చెప్పి, హిందీ ఉర్దూ సాహిత్యాలకు మొదటి పెద్ద చరిత్ర రాసిన గార్సాఁ ద తాసీ కూడా రాలేదు. ఆయన ఒక్కడే తన కాలపు రచయితల్ని, పత్రికల్ని పట్టించుకుని ఏటా ఆ సంగతులు ఉపన్యాసాల్లో చెప్పేవాడు. మిగతావారి భారతదేశంలో ఋషులున్నారు, రాజులున్నారు, తపోవనాలున్నాయి. అప్పు తీర్చలేని రైతు లేడు, అత్తగారిల్లు లేదు, రైలుబండి లేదు. ప్రేమ నిజమైనదే, కానీ అది కాలంలో చాలా వెనక్కి వెళ్లి స్థిరపడిన ప్రేమ.

ఆ కాలానికి చెందిన ఒక భారతీయ యువతి మాత్రం ఎదురు నడిచింది. కలకత్తా అమ్మాయి తోరు దత్ చిన్నతనంలో నీస్ పట్టణంలో చదువుకుని ఫ్రెంచి నేర్చుకుంది. ఫ్రెంచి కవుల్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. ఫ్రెంచిలోనే నవల రాసి కాగితాల్లో దాచుకుని, 1877లో ఇరవై ఒక్క ఏళ్లకే క్షయతో పోయింది. ప్రాచీన భారత స్త్రీల గురించి పుస్తకం రాసిన క్లారిస్ బదేర్ ఆమెకు ఉత్తరాల స్నేహితురాలు. బదేర్ ముందుమాటతో 1879లో ఆ నవల పారిస్‌లో వెలువడింది. ఒక భారతీయ రచయిత్రి ఫ్రెంచిలో రాసిన మొదటి నవలగా దాన్ని చెప్పుకుంటారు. ఆమె బతికి ఉంటే ఈ భాగం వేరేగా రాయవలసి వచ్చేదని నా నమ్మకం.

ఇరవయ్యో శతాబ్దం టాగూర్‌తో తలుపు తీసింది. 1912లో లండన్‌లో ఆయన్ని కలిసిన యువకవి సాఁ-లెజే లెజే ఆ సంగతి ఆంద్రే జీద్‌కు చెప్పాడు. తరవాతి కాలంలో సాఁ-జాన్ పెర్స్ పేరుతో నోబెల్ అందుకున్న కవి ఈయనే. గీతాంజలిని జీద్ స్వయంగా ఫ్రెంచిలోకి మార్చి, 1913లో అనువాదాన్ని లెజేకే అంకితమిచ్చాడు. ఆ ఏడు నవంబరులో టాగూర్‌కు నోబెల్ వచ్చింది. నోబెల్ వచ్చాక హడావిడిగా వండిన అనువాదం కాదిది, ముందే మొదలైన పని. ఫ్రెంచి వచనాన్ని అంత శ్రద్ధగా చెక్కే రచయిత ఒక భారతీయ కవికి తన కలం అప్పిచ్చాడు. ఆ పుస్తకం నూరేళ్లుగా అచ్చులో ఉంది. టాగూర్ చిత్రాల మొదటి ప్రదర్శన జరిగింది కూడా పారిస్‌లోనే, 1930 మే నెలలో.

అయితే జీద్‌కు బెంగాలీ రాదు. టాగూర్ తనే ఇంగ్లీషులో చేసుకున్న గీతాంజలి నుంచి ఆయన అనువదించాడు. ఆ ఇంగ్లీషు గీతాంజలి మూలానికి చాలా దూరం జరిగిన పుస్తకం. బెంగాలీలోని ఛందస్సు, ఆటపాట, ఊరి మట్టి అందులో లేవు. వాటి స్థానంలో బైబిలు కీర్తనల గాంభీర్యం వచ్చింది. దాంతో ఫ్రెంచి పాఠకుడికి దొరికిన టాగూర్ గడ్డం పెంచిన ప్రవక్త. గోరా రాసినవాడు, చిన్నకథల్లో పోస్టుమాస్టరును, పల్లె పిల్లను చూపినవాడు వాళ్లకు చాలాకాలం ఆనలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షల మందిని పోగొట్టుకున్న సమాజానికి అప్పట్లో కావలసింది ఓదార్పు. రొమా రోలా 1924లో ప్రకటించిన గాంధీ జీవితం, తరవాత 1929, 1930లలో రామకృష్ణ వివేకానందుల జీవితాలు ఆ ఆకలికే అన్నం పెట్టాయి. ఇంగ్లీషు అంతగా రాని రోలాకు చెల్లెలు మడలెన్ పుస్తకాలు చదివి వినిపించి, అనువదించి సాయపడింది. 1931 డిసెంబరులో గాంధీజీ స్విట్జర్లండులోని విల్నవ్‌కు వెళ్లి రోలాను కలిశారు. ఈ పుస్తకాలు భారతదేశం మీద ఫ్రెంచివారికి గౌరవం పెంచాయి. మన సాహిత్యం మీద ఆసక్తిని మాత్రం అంతగా పెంచలేదు. గౌరవానికీ చదువుకూ మధ్య దూరం ఉంటుంది.

ఆ దూరం తగ్గించిన పని రెండో ప్రపంచయుద్ధం తరవాత మొదలైంది. రచయిత, విమర్శకుడు ఎతియాంబల్ 1956లో గలిమార్ ప్రచురణ సంస్థలో 'కొనెసాన్స్ ద లొరియాఁ' అనే గ్రంథమాల ప్రారంభించాడు. ప్రపంచ సాహిత్యమంటే ఐరోపా సాహిత్యమేనన్న అలవాటు మీద జీవితాంతం పోరాడిన మనిషి ఆయన. యునెస్కో చేయూతతో ఆ మాలలో ఆసియా గ్రంథాలు మూలభాషల నుంచి రావడం మొదలైంది. 1961లో తమిళ శిలప్పదికారం వచ్చింది. 1969లో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన పథేర్ పాంచాలి వచ్చింది. దాన్ని బెంగాలీ నుంచి అనువదించింది ఫ్రాన్స్ భట్టాచార్య. సత్యజిత్ రాయ్ సినిమాను 1956లోనే కాన్ ఉత్సవం మానవీయ దృశ్యపత్రంగా సత్కరించింది. పుస్తకం రావడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది. ఆ నవలలో ఋషి లేడు. ఇంట్లో తిండిగింజలు నిండుకున్నప్పుడు తల్లి ముఖం ఎలా ఉంటుందో ఉంది, పొలాలకు అవతల పోయే రైలు కోసం పరుగెత్తే పిల్లలున్నారు. ఫ్రెంచి పాఠకుడు భారతీయ వంటింట్లోకి తొంగిచూసింది ఇలాంటి అనువాదాలతోనే.

పండితులకూ పాఠకులకూ బయట ఉన్న మూడో జనానికి మహాభారతాన్ని తీసుకెళ్లింది నాటకం. 1970ల మధ్యలో ఫిలిప్ లవస్తీన్ అనే సంస్కృతజ్ఞుడు పారిస్‌లో దర్శకుడు పీటర్ బ్రూక్‌కు, రచయిత జాఁ-క్లోద్ కారియేర్‌కు భారత కథ నోటితో చెప్పడం మొదలుపెట్టాడు. పురాణ కాలక్షేపం లాగా రాత్రుళ్లు సాగిన ఆ కథ వాళ్లిద్దర్నీ పదేళ్లు వదల్లేదు. భారతదేశం తిరిగారు, కథకళి చూశారు, యక్షగానం చూశారు. 1985 జులైలో అవిన్యోఁ నాటకోత్సవంలో, ఊరికి బయట బుల్బోన్ దగ్గరి పాత రాతిగనిలో తొమ్మిది గంటల నాటకం ఆడారు. కొన్ని రాత్రుల్లో సూర్యాస్తమయానికి మొదలై తెల్లవారేదాకా సాగింది. నిప్పు, నీళ్లు, మట్టి తప్ప పెద్ద హంగులేమీ లేవు. పలు ఖండాల నటుల మధ్య ద్రౌపదిగా మల్లికా సారాభాయ్ నిలిచింది. మన దేశంలో రుస్తుం భరూచా వంటి విమర్శకులు ఆ నాటకం మీద ఘాటైన ప్రశ్నలు వేశారు. కథను దాని మట్టి నుంచి, ధర్మచింతన నుంచి పెరికి అందరి కథ చేశారన్నది వాళ్ల అభ్యంతరం. అందులో బలముంది. రాత్రంతా వీధినాటకం చూసి పెరిగిన జాతిగా మనకు ఇంకో సంగతీ అర్థమవుతుంది. తొమ్మిది గంటలు రాళ్ల మధ్య కూర్చుని పరదేశపు ఇతిహాసం విన్న ఆ జనం కథ కోసమే కూర్చున్నారు.

అక్కడి నుంచి పుస్తకాల రాక వేగం పుంజుకుంది. ఫ్రెంచి ప్రచురణలో అత్యంత గౌరవమైన ప్లెయాద్ గ్రంథమాల 1997లో సోమదేవుడి కథాసరిత్సాగరాన్ని, 1999లో వాల్మీకి రామాయణాన్ని, 2006లో ప్రాచీన భారత నాటకాలను చేర్చుకుంది. కథాసరిత్సాగరానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ. ఆ కవిని శాతవాహన రాజు కొలువులోనివాడిగా సంప్రదాయం చెబుతుంది. ఇంకోవైపు ఆధునిక నవల వరదలా వచ్చింది. విక్రమ్ సేఠ్ 'ఎ సూటబుల్ బాయ్' 1995లో, అరుంధతీ రాయ్ 'గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్', రోహింటన్ మిస్త్రీ 'ఎ ఫైన్ బ్యాలెన్స్' 1998లో ఫ్రెంచిలోకి వచ్చాయి. అరవింద్ అడిగ 'వైట్ టైగర్' 2008లో వచ్చింది. 2007లో పారిస్ పుస్తక ప్రదర్శన భారతదేశాన్ని గౌరవ అతిథిగా పిలిచింది. 2020లో మళ్లీ పిలిస్తే కరోనా ఆపేసింది, 2022లో ఆ మాట నిలబెట్టుకున్నారు. మరుసటి ఏడు ఢిల్లీ ప్రపంచ పుస్తక ప్రదర్శనకు ఫ్రాన్స్ అతిథిగా వచ్చింది. నోబెల్ అందుకున్న కొద్ది నెలలకే ఫ్రెంచి రచయిత్రి ఆనీ ఎర్నో కూడా ఢిల్లీ వచ్చింది.

ఈ ఆదరణ వెనక ఫ్రాన్సులోని కొన్ని ఏర్పాట్లున్నాయి. 1981 నాటి చట్టం ప్రకారం కొత్త పుస్తకాన్ని ఎవరూ ఐదు శాతానికి మించి తగ్గించి అమ్మకూడదు. అందువల్ల వీధిలోని చిన్న పుస్తకాల దుకాణం పెద్ద అంగళ్ల పోటీకి తట్టుకుని బతికింది. పేరు తెలియని రచయిత పుస్తకం ఎవరి చేతికైనా అందాలంటే, చదివి సిఫారసు చేసే ఆ దుకాణందారు ఉండాలి. ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ గ్రంథ కేంద్రం అనువాదాలకు ధనసహాయం చేస్తుంది. అక్కడ అచ్చయ్యే కొత్త పుస్తకాల్లో సుమారు ఆరింట ఒకటి అనువాదమే. వాటిలో సగానికి పైగా ఇంగ్లీషు నుంచి వచ్చేవి. భారతీయ నవలల మీద కూడా ఎక్కువగా 'ఇంగ్లీషు (ఇండియా) నుంచి అనువాదం' అనే వరుస కనిపిస్తుంది. ఢిల్లీ, ముంబయి, లండన్, న్యూయార్కులలో ఉంటూ ఇంగ్లీషులో రాసే మన రచయితలు గొప్పవాళ్లే, వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ దేశంలో కోట్లమంది కలలు కనేది వేరే భాషల్లో.

ఆ భాషల నుంచి నేరుగా మోసుకెళ్లే అనువాదకులు గుప్పెడు మంది. వాళ్లలో ఆనీ మోంతో గురించి ఆగి చెప్పాలి. పారిస్‌లో 'లాంగ్‌జో' అని అందరూ పిలిచే ప్రాచ్యభాషల సంస్థలో హిందీ బోధించిన ఆచార్యురాలు, హిందీ వ్యాకరణ పండితురాలు. నిర్మల్ వర్మ నవలల్ని ఫ్రెంచిలోకి తెచ్చింది. గీతాంజలి శ్రీ తొలి నవల 'మాయీ'ని తెచ్చింది. 'రేత్ సమాధి' 2018లో హిందీలో వచ్చింది. అది మాటల మీద ఆడుకునే నవల, వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో పట్టుకోవడం హిందీ పాఠకులకే కష్టం. ఆనీ మోంతో దాన్ని పట్టుకుంది. స్త్రీల రచనల కోసమే నడిచే 'ఎదిసియోఁ దె ఫామ్' సంస్థ 2020లో ప్రచురించింది. డెయిజీ రాక్‌వెల్ ఇంగ్లీషు అనువాదం వచ్చింది 2021లో. దానికి అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది 2022 మేలో. అంటే ప్రపంచం ఆ పేరు వినడానికి రెండేళ్ల ముందే ఫ్రెంచి పాఠకుడు ఆ నవలలోని ఎనభై ఏళ్ల ముసలమ్మ సరిహద్దు దాటి వెళ్లడం చదివేశాడు. ఇంగ్లీషు గుండా పోనక్కర్లేకుండా, ఒక భారతీయ భాష నుంచి నేరుగా. జీద్ నాటి గీతాంజలికీ ఈ గీతాంజలికీ మధ్య నూట ఏడేళ్లు. ఫ్రెంచి చదువు ఎంత దూరం నడిచిందో ఆ రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మలయాళానికి దొమినిక్ వితాలియోస్ అలాంటి అనువాదకురాలు. బషీర్ కథలు జుల్మా సంస్థ ద్వారా ఫ్రెంచివారికి అందాయి. తమిళ రచయిత్రి అంబై కథలూ అక్కడే వచ్చాయి. భారతీయ సాహిత్యానికే అంకితమై 2015లో మొదలైన బనియన్ అనే చిన్న ప్రచురణ సంస్థ భారతీయ భాషల పుస్తకాల మీద గట్టిగా పనిచేస్తోంది. తోరు దత్ నడిచిన దారిలో కలకత్తాలోనే పుట్టిన షుమొనా సిన్హా నేరుగా ఫ్రెంచిలో నవలలు రాస్తూ పేరు తెచ్చుకుంది. 2011లో వచ్చిన ఆమె నవల ఫ్రాన్సుకు శరణు కోరి వచ్చేవారి గురించి, వాళ్ల మాటల్ని అనువదించే దుబాసీ గురించి. ఆ పుస్తకం ఫ్రెంచి సమాజాన్నే నిలదీసింది. బహుమతులూ తెచ్చుకుంది.

మరి తెలుగు? యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. గోదావరి ఒడ్డున తరతరాల తెలుగువాళ్లు ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. పారిస్ ప్రాచ్యభాషల సంస్థలో తెలుగు బోధన సాగింది, బుర్రకథ మీద దానియెల్ నెజేర్ పరిశోధన చేశాడు. ఇన్ని ఉండి కూడా హిందీ, బెంగాలీ, తమిళాల నుంచి ఫ్రెంచిలోకి వెళ్లినన్ని నవలలు, కథలు మన నుంచి వెళ్లలేదు. లోపం రచనల్లో ఉందని నేను అనుకోను. చాసో కథ, రావిశాస్త్రి కథ ఏ భాషలోకి వెళ్లినా నిలబడగలవు. ఫ్రెంచి ప్రచురణకర్త ఒక పుస్తకం గురించి నిర్ణయించుకోవాలంటే ముందు ఇరవై పేజీల మంచి నమూనా అనువాదం, రచయిత గురించిన వివరం, హక్కులు ఎవరివో తెలిపే కాగితం కావాలి. తమిళానికీ మలయాళానికీ ఆ పని చేసిపెట్టేవాళ్లు ఉన్నారు. మనకు రచయిత వారసులెవరో కనుక్కోవడమే పెద్ద పని. విశ్వవిద్యాలయాల్లో ఫ్రెంచి నేర్చే మన పిల్లలు ఏటా వందల్లో ఉంటారు. వాళ్ల చేతికి ఎవరూ తెలుగు కథ ఇచ్చి ఇది ఫ్రెంచిలో రాసి చూడు అనడం లేదు. తెలుగు నేర్చుకున్న ఫ్రెంచివాడితో కూర్చోబెట్టి ఇద్దరి చేతా పని చేయించే ఏర్పాటు ఏ అకాడమీ అయినా మొదలుపెట్టవచ్చు. దానికి కావలసింది ఒక గది, రెండు జీతాలు, మూడేళ్ల ఓర్పు.

యానాంలో తెలుగు, ఫ్రెంచి ఒకే వీధిలో రెండు శతాబ్దాలు ఎలా కాపురం చేశాయో, అక్కడి దస్తావేజుల్లో, బడి పుస్తకాల్లో, జనం నోళ్లలో ఏమేం మిగిలాయో వచ్చే భాగంలో చూద్దాం.

(సశేషం)